నాలుగో పొరలో తీగ

బాలే నాట్యం చేసేవారు తుంటి చుట్టూ పళ్ళెంలా నిలిచేట్టు వేసుకునే పొట్టి గౌనును టూటూ అంటారు. ఐరోపాలో ఆ గౌను అంచు పిక్కల దగ్గర మొదలై తుంటి ఎత్తుకు చేరడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. మలయాలో మా క్లాంగ్ పట్నంలో అదే అంచు తుంటి దగ్గర నుంచి మోకాలి దాకా దిగిపోవడానికి ఒక్క వాన మధ్యాహ్నం సరిపోయేది. ఆ దిగడాన్ని ఆపిన మనిషి మా అమ్మ. అప్పటికి ఆమె బంటింగ్ దగ్గరి ఒక ఎస్టేట్‌లో రబ్బరు చెట్లకు పాలు గీసే కూలీ. మా ఇంట్లో పిల్లలు ఈ సంగతిని కథగా చెప్పుకుంటారు గానీ ఆ కథలో కొలతలు ఉండవు. కొలతలు లేకపోతే ఆమె చేసిన పని ఏమిటో తెలియదు. అందుకే రాసిపెడుతున్నాను.

మెర్డెకా, అంటే మలయా స్వాతంత్ర్యం, వచ్చిన సంవత్సరం నాకు పదమూడేళ్ళు. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాల మీద బ్రిటిష్‌వాళ్ళ ఎమర్జెన్సీ మొదలైన కొన్నాళ్ళకే ఎస్టేట్‌లో చెదురుమదురుగా ఉన్న కూలీల ఇళ్ళన్నిటినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. కంచెకు ఒకటే గేటు. ఉదయం ఆరుకు తెరిచి సాయంత్రం ఆరుకు మూసేవారు. అడవిలో ఉన్నవారికి తిండి చేరకూడదని బియ్యపు గింజను కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. బయటికి వెళ్ళే ప్రతి మనిషినీ తడిమి చూసేవారు. ఆడవాళ్ళను చూడటానికి ఒక మలయ్ స్త్రీ ఉండేది. మా సెలంగోర్ రాష్ట్రంలో చాలాచోట్ల కట్టడి సడలిన తరువాత కూడా, చిత్తడి అడవి అంచున ఉన్న మా వైపు ఈ తనిఖీ సాగుతూనే ఉంది. నేను ఆ గేటు గుండానే రోజూ బయటికి వెళ్ళి, బస్సెక్కి, క్లాంగ్‌లోని ఆడపిల్లల ఇంగ్లీషు బడికి వెళ్ళేదాన్ని.

అమ్మ ఉదయం పాలు గీసేది. మధ్యాహ్నం రెండు తరువాత చేతితో తిప్పే మిషను ముందు కూర్చునేది. మా లైన్లలోని, అంటే కూలీల ఇళ్ళ వరసల్లోని, ఆడపిల్లల పరికిణీలన్నీ ఆమె కుట్టినవే. విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా పెద్దవాళ్ళు వెంట తెచ్చుకున్న అలవాట్లలో ఒకటి ఆమె చేతిలో ఎన్నడూ తప్పలేదు. ఆడపిల్ల పరికిణీ కుట్టేటప్పుడు కొలతకు మించి గుడ్డ తీసుకుని, ఆ మిగులును అంచుకు పైన అడ్డంగా మడిచి కుట్టేస్తారు. ఆ మడతను టక్కు అంటారు. ముప్పావు అంగుళం వెడల్పున ఒక టక్కు వేస్తే లోపల అంగుళంన్నర గుడ్డ దాగుతుంది. పిల్ల ఎదిగినప్పుడు కుట్టు విప్పితే పరికిణీ అంగుళంన్నర పొడవవుతుంది. టక్కు లేని పరికిణీ కుడితే ఆ పిల్ల ఎదగకూడదని కోరుకున్నట్టేనని అమ్మ నమ్మకం. నా బడి యూనిఫారానికి కూడా రెండు టక్కులు వేసింది. తోటి పిల్లలు వాటిని చూసి నవ్వేవారు.

ఆ టక్కులనే మా బడిలో శనివారాలు బాలే నేర్పే టీచరు చూసింది. మలక్కా నుంచి వచ్చిన యురేషియన్, అంటే ఐరోపా ఆసియా వంశాలు కలిసిన స్త్రీ, నలభై దాటిన మనిషి. నన్ను ఆపి, యూనిఫారం అంచును వేళ్ళతో తిరగేసి, కుట్లను దగ్గరగా చూసి, ఎవరు కుట్టారని అడిగింది. చెప్పాను. మరుసటి శనివారం మీ అమ్మను తీసుకురా అంది.

ఆమె పిలుపు వెనుక ఒక ఖాళీ ఉంది. బడిలో కుట్టు పాఠాలు చెప్పే టీచరు పెళ్ళి చేసుకుని పెనాంగ్ వెళ్ళిపోతోంది. ఆ స్థానం కోసం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు కావాలని ఇంగ్లీషు ప్రిన్సిపల్ వెతుకుతోంది. ఇంకోవైపు మెర్డెకా సంబరాలకు బడిలో ప్రదర్శన పెట్టారు. ఎనిమిదిమంది పిల్లలు బాలే చేయాలి. వాళ్ళకు ఎనిమిది టూటూలు కావాలి. ఊళ్ళో కోట్లు కుట్టే చీనా దర్జీ బొమ్మ చూసి తల అడ్డంగా ఊపి పంపేశాడు. బాలే టీచరు ప్రిన్సిపల్‌ను ఒప్పించిన షరతు ఇది: మా అమ్మ ఎనిమిది టూటూలు కుట్టాలి, అవి ప్రదర్శన ముగిసేదాకా వాలకుండా నిలబడాలి. అలా నిలబడితే సర్టిఫికెట్ లేకపోయినా కుట్టు టీచరు పని సంగతి ఆలోచిస్తారు.

అమ్మకు ఆ పని ఎంత కావాలో నాకు తెలుసు. పద్నాలుగో ఏట పట్టుకున్న పాలు గీసే కత్తిని ఆమె ఇంకా వదల్లేదు. కుడి చూపుడు వేలు అప్పటికే పూర్తిగా చాచడానికి వచ్చేది కాదు. సూది పట్టుకోవడానికి ఆ వంపు చాలు గానీ కత్తి పట్టుకుంటే ఇంకా వంగుతుంది. ఇంకో అయిదేళ్ళు చెట్లు గీస్తే ఆ చెయ్యి సూదికి కూడా పనికిరాదని మా నాన్నతో ఆమె అనడం నేను విన్నాను. ఆ మాట ఆమె బాధగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

మొదటి శనివారం బాలే టీచరు ఒక పెద్ద ఆల్బం తెరిచి అమ్మ ముందు పెట్టింది. పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలను కాలక్రమంలో అంటించింది. ఇద్దరికీ ఉమ్మడి భాష బజారు మలయ్. అది చాలని చోట నేను మాట అందించేదాన్ని. మొదటి బొమ్మల్లో నాట్యకత్తెలవి పల్చని మస్లిన్ పొరలతో గంట ఆకారంలో పిక్కల దాకా దిగే గౌన్లు. ఆ కాలపు ఇంటి ఆడవాళ్ళ గౌన్లు కూడా సన్నని నడుము, ఉబ్బిన కింది భాగంతో అలాగే ఉండేవి. వేదిక మీద గ్యాసు దీపాలుండే రోజుల్లో ఆ మస్లిన్‌కు నిప్పంటుకుని నాట్యకత్తెలు చనిపోయారని టీచరు చెప్పింది. తరువాతి పేజీల్లో అంచు మోకాలికి ఎక్కింది. కాలి వేళ్ళ కొన మీద నిలిచి గిరగిర తిరగడం నేర్చిన నాట్యకత్తెలు ఇటలీ నుంచి వచ్చారు. ఆ తిరుగుడు ప్రేక్షకులకు కనిపించాలంటే గుడ్డ అడ్డం ఉండకూడదు. అడుగుల పని కష్టతరమయ్యేకొద్దీ అంచు పైకి జరుగుతూ వచ్చింది. చివరి పేజీల్లో అది తుంటి దగ్గర నుంచి అడ్డంగా నిలిచిన పళ్ళెం.

అమ్మ ఆల్బంను చివరి దాకా తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చి, నాతో తెలుగులో అంది: "ఇది పరికిణీయే గదే. వందేళ్ళకి పిల్ల ఎదిగిపోనాది. టక్కు ఇప్పినోళ్ళు నేరు. అందుకే పైకెలిపోనాది."

ఆ మాటను మలయ్‌లోకి ఎలా మార్చాలో తెలియక ఊరుకున్నాను. ఆ తరువాత ఆ గౌను చరిత్ర మీద నేను చదివిన దేనిలోనూ అంతకంటే పొందికైన వాక్యం దొరకలేదు. నాట్యం ఎదిగింది, గుడ్డ ఎదగలేదు.

టీచరు లండన్ నుంచి తెప్పించుకున్న పాత టూటూ ఒకటి నమూనాగా ఇచ్చింది. అది గంజి పెట్టిన నూలు నెట్టు గుడ్డతో కుట్టినది. పెట్టెలో ఉండి ఉండి పురుగు కొట్టి, పళ్ళెం అంచు పూర్తిగా వాలిపోయింది. ఈ దేశంలో ఏ టూటూ అయినా ఆరు నెలల్లో దాని ముత్తవ్వలా అయిపోతుందని టీచరు నవ్వింది. అమ్మ ఇంటికి తెచ్చి దాన్ని తిరగేసి పొరలు లెక్కపెట్టింది. పది. పై పొర పదకొండు అంగుళాలు. కిందికి ఒక్కో అంగుళం చొప్పున తగ్గుతూ పదో పొర రెండు అంగుళాలు. పరికిణీలా ఈ పొరలు నడుము దగ్గర కాకుండా, నడుముకు దిగువన తుంటిని పట్టి ఉండే ఒక పట్టీకి కుట్టి ఉన్నాయి. చిన్న పొర మీద పెద్ద పొర ఆనుకుని నిలుస్తుంది. అమ్మకు ఇదంతా ఒక్క మధ్యాహ్నంలో అర్థమైంది. కొత్త నెట్టు గుడ్డ కోసి, పట్టీకి కుట్టి, నాలుగు రోజుల్లో మొదటి గౌను పూర్తి చేసింది. పై నాలుగు పొరలకూ ఒక్కో టక్కు వేసింది.

ఇక గంజి. రేషన్ బియ్యంతో ఒక ఇంట్లో మిగిలే గంజి ఒక గౌనుకు చాలదు. ఉప్పేసుకుని తాగే ఆ గంజిని మా లైనులోని ఇళ్ళవాళ్ళు మూడు రోజులు తాగడం మాని మా ఇంటికి పంపారు. పక్కింటామె కుండ దించుతూ ఊరుకోలేదు.

"ఏటి వదినా, మా గంజి తాగీసి ఎగురుతాదేటి నీ గౌను?"

"నీ మొగుడు కల్లు తాగీసి పడిపోతాడు. ఇది గంజి తాగీసి నిలబడతాది లా," అంది అమ్మ, మలయ్ ఊతపదం 'లా' చేర్చి.

నిజంగానే నిలబడింది. ఎండలో తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టాక, బోర్లించిన కుండకు తొడిగి చూశాం. పళ్ళెం అంచు చుట్టూ ఎనిమిది చోట్ల నేల నుంచి ఎత్తు కొలిచాను. ఎక్కడా పావు అంగుళం కంటే ఎక్కువ తేడా లేదు. లైను ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు.

శనివారం ఉదయం గేటు దగ్గర తనిఖీ స్త్రీ అట్టపెట్టె మూత తీసింది. వేలితో గౌనును తట్టింది. వాసన చూసింది. బియ్యం వాసన. గోరుతో గీరితే తెల్లని పొడి రాలింది. అది అన్నమా అని అమ్మను అడిగింది.

"బూకన్ నాసి, కాక్. కాంజి," అంది అమ్మ. అన్నం కాదక్కా, గంజి అని.

మలయ్‌లో కూడా దాన్ని అలాగే పిలుస్తారు కాబట్టి మాట అర్థమైంది. అర్థమైనందువల్లే చిక్కు వచ్చింది. గంజి బియ్యంతో చేసిందే. అడవిలో ఎవరైనా ఈ గౌనును నీళ్ళలో ఉడికించి తాగితే ఏమిటని ఆమె కార్పొరల్‌ను పిలిచింది. కార్పొరల్ ఇంకొకరిని పిలిచాడు. ముగ్గురూ గౌను చుట్టూ నిలబడి గంటసేపు ఆలోచించారు. వాళ్ళను తప్పు పట్టను. నిబంధనలో బియ్యం ఏ రూపంలోనూ గేటు దాటకూడదని ఉంది. చివరికి దాన్ని గుడ్డగానే లెక్కించి వదిలారు. అప్పటికే బస్సు వెళ్ళిపోయింది. తరువాతి బస్సు కోసం రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. సన్నని వాన మొదలైంది. నీటి చుక్క ఒక్కటీ పెట్టెలోకి పోలేదు గానీ తేమగాలిని ఏ అట్టపెట్టె ఆపుతుంది?

బడి హాల్లో మూత తీసేసరికి పళ్ళెం లేదు. ఒక పిల్లకు తొడిగి చూస్తే అంచు మోకాలి దగ్గర ఉంది. కాసేపట్లో మోకాలు దాటింది. ఆల్బం పేజీలు వెనక్కి తిరుగుతున్నట్టే ఉంది. అమ్మ తన చీర కొంగును వేళ్ళతో మడతలు పెడుతూ నిలబడింది.

బాలే టీచరు నిజాయితీ గల మనిషి. బస్సు తప్పకపోయినా ఇదే జరిగేదని చెప్పింది. ప్రదర్శన రోజున హాలు నిండా మనుషులుంటారు, బయట వాన ఉండవచ్చు, ఆ గాలిలో ఏ గంజీ అరగంట నిలవదు. అయినా కుట్టు బాగుందని, ఇంకో శనివారం గడువు ఇస్తానని అంది. అంతకుమించి ప్రిన్సిపల్ ఆగదని కూడా చెప్పింది. ఆ తరువాత పొరల మధ్య టక్కులు చూసింది. ఇవెందుకు? వేదిక మీద వేసుకునే గౌను ఒక్క ప్రదర్శన కోసం, ఎదిగే పిల్ల కోసం కాదు, పైనుంచి చూస్తే గీతల్లా కనిపిస్తాయి, తీసెయ్యమంది.

అమ్మ నా వైపు తిరిగింది. "ఎదగని పిల్ల ఉంటాదేటే? ఈవిడికి సెప్పు."

చెప్పాను. టీచరు భుజాలు ఎగరేసి, కనిపించకపోతే చాలునంది. పై పొర టక్కును తుంటి పట్టీ దగ్గరికి జరిపి, దాని మీద గుడ్డ ఆకులు కుట్టి దాచాలని అమ్మ దారిలోనే నిర్ణయించుకుంది. మిగతా మూడు ఎలాగూ పై పొర కింద ఉంటాయి.

సోమవారం మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ గౌనును ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. మిషను మూసి ఉంది. నాలుగో పొర టక్కులోకి చిటికెన వేలు దూర్చి ముందుకు వెనక్కి జరుపుతోంది.

"ఒలే, ఇది సూడు. బొందు ఎక్కించుకునే గొట్టంలాగ నేదూ?"

పరికిణీ నడుము దగ్గర గుడ్డను మడిచి కుట్టి, ఆ గొట్టంలోకి పిన్నీసుతో బొందు ఎక్కిస్తారు. టక్కు కూడా మడిచి కుట్టిందే. పిల్ల ఎదుగుదల కోసం వేసిన మడతలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలో బొందు బదులు, వంగినా మళ్ళీ తన ఆకారానికి వచ్చేది ఏదైనా ఎక్కిస్తే? ఆమెకు వెదకవలసిన అవసరం లేకపోయింది. అది రోజూ ఆమె చేతి కిందే ఉండేది. గీసిన చెట్టు నుంచి కారే పాలను పట్టే గిన్నె, చెట్టు మానుకు చుట్టిన సన్నని స్ప్రింగు తీగ మీద కూర్చుంటుంది. మాను లావయ్యేకొద్దీ తీగ సాగుతుంది గానీ పట్టు వదలదు. ముసలి చెట్లను నరికి కొత్త మొక్కలు వేస్తున్న భాగంలో అలాంటి తీగలు కుప్పగా పడి ఉన్నాయి. మంగళవారం అమ్మ ఆఫీసులో కిరాణిని, అంటే గుమాస్తాను, అడిగింది. ఎందుకని అడిగితే గౌనులోకని చెప్పింది. గౌను వేసుకున్న పిల్లకు గిన్నె కూడా తగిలించి పాలు పడతారా అని ఆయన నవ్వుతూనే ఇరవై తీగలు తీసుకోమన్నాడు.

ఇక్కడ నా వంతు వచ్చింది. తీగ ఎంత పొడవుండాలి? బడిలో ఆ ఏడే వృత్తం చుట్టుకొలత నేర్పారు. గౌను వేసుకునే పిల్ల నడుము ఇరవైరెండు అంగుళాలు. దాని వ్యాసార్ధం మూడున్నర. నాలుగో పొర టక్కు పట్టీ నుంచి ఏడు అంగుళాల దూరంలో ఉంది. మొత్తం పదిన్నర. చుట్టుకొలత అరవైఆరు అంగుళాలు. ఎంతో నమ్మకంగా పలక మీద రాసి ఇచ్చాను. నాన్న తీగ కోశాడు. అమ్మ ఎక్కించింది. పళ్ళెం నిలబడలేదు. మధ్యలో గుంటపడి వంగిన గొడుగులా అయింది.

అమ్మ గౌనును తిప్పి చూసి, పట్టీ మీద వేలు పెట్టి, ఈ పొరలు ఎక్కడి నుంచి బయలుదేరుతున్నాయని అడిగింది. నడుము నుంచి కాదు, తుంటి నుంచి. నేను కొలవవలసింది తుంటిని. ఆ పిల్ల తుంటి ఇరవైఆరు. వ్యాసార్ధం నాలుగు అంగుళాల చిల్లర. చుట్టుకొలత డెబ్బై. నాలుగు అంగుళాలు తక్కువ కోశాం. నెట్టు బిగువు లేక దిగబడింది. ఆ తప్పు నాకు చాలా ఉపయోగపడింది. కొలత ఎక్కడ మొదలవుతుందో చూడకుండా ఆ తరువాత నా జీవితంలో ఏ గీతా గీయలేదు.

రెండు తీగలు కలిపితే గానీ డెబ్బై అంగుళాలు రావు. అతుకు దగ్గర బరువు ఒక పక్కకే పడకుండా, రెండు అతుకులూ ఎదురెదురుగా వచ్చేట్టు రెండు ముక్కలనూ సమంగా కోశాం. నాన్న పొగగదిలో పనిచేసేవాడు. రబ్బరు షీట్లను పొగపెట్టి ఆరబెట్టే గది అది. తీగ కొనలను ఒక అంగుళం ఒకదానిమీద ఒకటి పెట్టి, దారం చుట్టి, రబ్బరు పాలలో ముంచి, పొగగదిలో ఒక పూట వేలాడదీశాడు. తీగ కొన ఇక నెట్టును చింపదు, పిల్లకు గుచ్చుకోదు. అమ్మ పిన్నీసు తగిలించి, పరికిణీకి బొందు ఎక్కించినట్టే, అయిదు గజాల టక్కులోకి డెబ్బై అంగుళాల తీగను ఎక్కించింది. నెట్టు తీగ మీద సన్నని కుచ్చిళ్ళుగా సర్దుకుంది.

ఈసారి కుండకు తొడిగి ఊరుకోలేదు. నీళ్ళ పీపాను పొయ్యి మీద మరగబెట్టి, ఆవిరి తగిలేట్టు గౌనును దాని పైన వేలాడదీశాం. పక్కన, మళ్ళీ గంజి పెట్టి ఆరబెట్టిన, తీగ లేని పాత నమూనా కూడా. అరగంటకు నమూనా అంచు అయిదు అంగుళాలు దిగింది. అమ్మ గౌను అంచు అర అంగుళం దిగి ఆగిపోయింది. మళ్ళీ కొలిచాను. ఇంకో అరగంట తరువాత మళ్ళీ. అర అంగుళమే. నాన్న పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఆమె ముఖం చూసి, మంట తగ్గించాడు.

ఆ శనివారం గేటు దగ్గర తనిఖీ స్త్రీ పెట్టె తెరిచి పొరల మధ్య వేళ్ళు పెట్టింది. తీగ తగిలింది. ఈసారి కార్పొరల్‌ను పిలవలేదు. మొన్న అన్నం, ఇవాళ తీగ, వచ్చే వారం ఏం తెస్తావు కాక్, ఏనుగునా అని మలయ్‌లో అడిగి, పూర్తిగా విప్పి చూపమంది. అమ్మ గౌనును చేతి మీద నిలబెట్టి చూపింది. ఆమె అంచును నొక్కి వదిలింది. అది లేచి నిలబడింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కడానికి ఇంకో ఆవిడను పిలిచింది. బస్సు మాత్రం తప్పలేదు.

తీగ వేయడం మేమే కనిపెట్టామని నేనెప్పుడూ అనుకోలేదు, అమ్మ కూడా అనలేదు. ఐరోపా వేదికల మీద ఉక్కు వలయం ఉన్న టూటూలు అప్పటికే ఉన్నాయని తరువాత చదివాను. అంతకు ముందు శతాబ్దంలో ఇంటి ఆడవాళ్ళు గౌను కింద ఉక్కు వలయాలు కట్టుకుని తిరిగారు. ఆ ఫ్యాషన్ పోయాక చాలాకాలానికి వలయం అంచు నుంచి మధ్య పొరకు జరిగి వేదిక ఎక్కింది. అంటే వాళ్ళు చేరిన చోటికే అమ్మ కూడా చేరింది. వాళ్ళకు ముందు తరాల దర్జీల పనితనం అండగా ఉంది. ఈమెకు ఉన్నవి ఒక వాలిపోయిన నమూనా, రబ్బరు చెట్టు తీగ, పరికిణీ టక్కు. దాన్ని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఎనిమిది గౌన్లకు ఎనిమిది తీగ వలయాలు. ఏ ఇద్దరు పిల్లల తుంటి కొలతా ఒకటి కాదు. చీనా, మలయ్, తమిళ, యురేషియన్ పిల్లలు. ఒక్కొక్కరి తీగకు నేను ఒక చీటీ కట్టి కొలత రాశాను. జూన్, జూలై నెలల మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. ఆగస్టు మధ్యకు చివరి గౌను హుక్కులు పడ్డాయి.

మెర్డెకా తరువాతి వారంలో ప్రదర్శన జరిగింది. హాలంతా కొత్త జెండాలు. కిటికీల దగ్గర కూడా మనుషులు నిలబడ్డారు. అమ్మ తెర పక్కన సూదీ దారం పట్టుకుని, నేను పిన్నీసుల డబ్బా పట్టుకుని నిలబడ్డాం. నాలుగు గంటలకు వాన మొదలైంది. బాలేకు ముందు వచ్చిన దేవకన్యల నాటకంలో గంజి పెట్టిన రెక్కలు రెండో సన్నివేశానికే భుజాల మీద పడ్డాయి. జనం నవ్వారు. అమ్మ నా చేతిలోని డబ్బాను తన చేతిలోకి తీసుకుని మళ్ళీ నాకే ఇచ్చింది.

ఎనిమిదిమంది వేదిక మీదికి వెళ్ళారు. ఇరవై నిమిషాలు. నేను నాట్యం చూడలేదు. అంచులు చూశాను. పిల్లలు దూకినప్పుడు పళ్ళేలు ఒక్క క్షణం ఆలస్యంగా కిందికి ఊగి, పాదాలు నేలకు తగిలేసరికి తిరిగి సమంగా నిలిచేవి. చివర ఎనిమిదిమందీ వరసగా నిలబడ్డారు. ఎనిమిది అంచులూ, ఎత్తు తేడాలు పోను, నేలకు సమాంతరంగా ఉన్నాయి.

ప్రదర్శన అయ్యాక వరండాలో ప్రిన్సిపల్ ఒక పిల్లను ఆపి పళ్ళెం అంచును వేలితో నొక్కి చూసింది. తరువాత అమ్మ దగ్గరికి వచ్చి, బాలే టీచరు ద్వారా, ఎక్కడ నేర్చుకున్నావు, ఏ కాగితమైనా ఉందా అని అడిగింది. అమ్మ ఆ పిల్ల గౌను హుక్కులు విప్పించి, దాన్ని పూర్తిగా తిరగేసి, లోపలి వైపు ప్రిన్సిపల్ చేతుల్లో పెట్టింది.

"ఇదే నా కాయితం. సదువుకోమను."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రిన్సిపల్ కళ్ళజోడు పెట్టుకుని పట్టీ కుట్లను చూసింది. పొరల మధ్య వేలు నడిపింది. ఎక్కడా వేలాడే దారం లేదు, బయటపడ్డ అంచు లేదు. సంవత్సరాంతం దాకా తాత్కాలికంగా, ఆ పైన చూద్దాం అని చెప్పి వెళ్ళిపోయింది. అమ్మకు అందులో తాత్కాలికం అన్న మాట ఒక్కటే నచ్చలేదు. అయినా ఆ నెలాఖరున పాలు గీసే కత్తిని కడిగి, నూనె రాసి, ఆఫీసులో అప్పగించింది. సంవత్సరాంతానికి ఎవరూ ఏమీ అనలేదు. జనవరిలో ఆమె మళ్ళీ బడికి వెళ్ళింది, పాఠం చెప్పింది, పని ఖాయం చేసే కాగితం మాత్రం రాలేదు.

అది వచ్చింది మొదటి మెర్డెకా వార్షికోత్సవానికి. బాలే మళ్ళీ పెట్టాలన్నారు. అదే ఎనిమిదిమంది. కానీ ఏడాదిలో వాళ్ళు రెండు మూడు అంగుళాలు ఎదిగారు. గౌను తొడిగితే పళ్ళెం చిన్న పిల్లల టోపీలా ఉంది. మళ్ళీ కొత్తవి కుట్టడానికి నెట్టు గుడ్డా లేదు, వ్యవధీ లేదు. బాలే కార్యక్రమం తీసేద్దామని ప్రిన్సిపల్ అంటున్నప్పుడు అమ్మ అక్కడే ఉంది. కత్తెర తెప్పించుకుంది. వేదిక అంచున కూర్చుని, అందరూ చూస్తుండగా, ఒక గౌను పై పొర మీది గుడ్డ ఆకులు విప్పి, కింద దాచిన టక్కు కుట్టును ఒక్కొక్క పోగు తెంపుతూ లాగింది. అంగుళంన్నర నెట్టు బయటికి వచ్చింది. రెండో పొర. మూడో పొర. నాలుగో పొరకు మాత్రం తీగ కోసం కొత్త గొట్టం కుట్టవలసి వచ్చింది. ఆ తీగను నేను మళ్ళీ కొలిచాను, ఈసారి తుంటి నుంచి.

బాలే టీచరు ఒక్కసారి నవ్వి, ఏడాది కిందట వీటిని తీసెయ్యమన్నది తానేనని ప్రిన్సిపల్‌కు తానే చెప్పింది. అమ్మ తల ఎత్తకుండా రెండో గౌను ఒళ్ళోకి తీసుకుంది. ఉద్యోగం ఖాయమైన కాగితం ఆ వారంలోనే వచ్చింది. దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి తాత్కాలికం అన్న మాట లేదని నిర్ధారించుకోవడానికి.

నేను తరువాత నిర్మాణ ఇంజనీరునయ్యాను. ఎత్తైన నీటి ట్యాంకుల చుట్టూ వేసే వలయపు దూలాన్ని మొదటిసారి గీసినప్పుడు అది నాకు కొత్తగా అనిపించలేదు. ఆ ఎనిమిది గౌన్లలో ఒకటి ఇప్పుడు సైబర్‌జయలో మా ఇంట్లో ఉంది. నెట్టు పసుపు రంగుకు తిరిగింది. తీగ తుప్పు పట్టలేదు. విప్పిన టక్కు చోట సూది రంధ్రాలు ముప్పావు అంగుళం ఎడంగా మడతకు అటూ ఇటూ రెండు వరసలు, గీత గీసినట్టు ఉన్నాయి.

అమ్మ ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ కుట్టు తరగతిలో మొదటి పాఠం టక్కే. ఆ పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలందరినీ తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, ఒక్కొక్కరి ఎత్తు దగ్గర సుద్దతో గీత గీసేది. గుడ్డ తరువాతే పంచేది.